అంకెకి రెండున్నర డాలర్లు

రాయి చెక్కే హోల్మ్‌గ్రెన్ చెవి మీది పెన్సిల్ తీసి
"మీ అక్క ఏ సంవత్సరం పుట్టింది?" అన్నాడు.
పోయిన సంవత్సరం చెప్పాను, అది తెలుసు.
దానికి ముందున్న ఖాళీ దగ్గర
ఇద్దరం ఆగిపోయాం.
అంకెకి రెండున్నర డాలర్లట.
తప్పు పడితే రాయే మార్చాలట.

ఏం చెప్పను హోల్మ్‌గ్రెన్,
స్క్రాంటన్ వెళ్ళే రైల్లో, టికెట్ కలెక్టరు ముందు
మా ఒటీలీకి ఐదు నిండలేదు.
అమ్మ ఒళ్ళో మోకాళ్ళు గౌను కింద దాచుకుని
బొటనవేలు నోట్లో పెట్టుకుని
ఎంత గాఢంగా నిద్రపోయేదనుకున్నావు,
అతని బూట్ల చప్పుడు పెట్టె దాటేదాకా.

ఆ సాయంత్రమే, అదే గౌనుకి జానెడు లేసు వేలాడేసి
పిల్లల సంఘం ఇన్‌స్పెక్టరు ముందు
పదహారు.
"మా వంశంలో అందరం పొట్టివాళ్ళమే"
అని ఒట్టేసేవాడు నాన్న,
ఆరడుగుల మనిషి, తలుపు కింద నడుం వంచి.

క్రుంబాక్ కుటుంబం: నలుగురు మనుషులు, ఒక కుక్క.
సీల్ చేపల ఆటకీ కత్తులు విసిరేవాడికీ మధ్య
తొమ్మిది నిమిషాలు.
నేను డ్రమ్ములో కూర్చునేవాణ్ణి.
అక్క మడమతో మూడుసార్లు తంతే పైకి లేవాలి.
బడి లేదు. అక్షరాలు పోస్టర్ల మీద నేర్చుకుంది,
మా పేరు అన్నిటికంటే కింద, చీమల బారులా ఉండేది గనక
కింది నుంచి పైకి చదివేది.
చచ్చేదాకా పేపర్ అలాగే చదివింది.

తర్వాత స్టేజీ మీద తెల్లగుడ్డ దిగింది.
రీలు మార్చే సందులో మా ఆట.
జనం సిగరెట్లకి బయటికి పోయే సందు అది.
అక్రన్‌లో ఒక రాత్రి అక్క మెట్లు దిగి
పుట్టాక మొదటిసారి కుర్చీలో కూర్చుని
మేం నిలబడే చోటు వైపు చూసింది.
"ఇంత చిన్నగా కనిపిస్తామా" అంది.
ఇంకేం అనలేదు. ఆ చలికాలమే కాలిఫోర్నియా.

స్టూడియోలో ఓడెట్ క్రేన్ అయింది.
మొదటివారం అరిచింది, బాల్కనీకి వినపడాలి కదా.
డైరెక్టరు చెయ్యి చాచి ఆమె ముక్కు ముట్టుకుని
"అమ్మాయీ, ఇక నీ చివరి వరస ఇదే" అన్నాడు.
ఆ ఒక్కమాటతో సగం పని నేర్చుకుంది.
మిగతా సగం ముప్పై ఒక్క సినిమాలు.

ప్రచారం గుమాస్తా ఒకడు ఆమె వయసులోంచి
ముందు మూడేళ్ళు కోశాడు, హిట్టయ్యాక ఇంకో నాలుగు.
అలా ఒక శుక్రవారం పత్రికలో
మా అక్క నాకంటే చిన్నదైపోయింది.
నా పాలసీసా పట్టుకున్న పిల్ల
విందులో నా భుజం మీద చెయ్యేసి
"మా అన్నయ్య" అని పరిచయం చేసింది.
నవ్వాను. నవ్వటం మా ఇంటి వృత్తి.
రాత్రి మాత్రం కారులో ఎందుకో ఇద్దరం మాట్లాడుకోలేదు.

నిన్నటి ప్రియుడికి తల్లి వేషం వచ్చినప్పుడు
మేకప్ మనిషి కుంచె పట్టుకుని అడిగాడట,
"ఎన్నేళ్ళు వెయ్యమంటారు?"
"నీకు తెలిస్తే నాకూ చెప్పు" అందిట.

ఇదిగో, ఒక్క సాక్ష్యం ఉంది నా దగ్గర.
మా ట్రంకు పెట్టె మూత లోపల
అమ్మ గీసిన పెన్సిల్ గీతలు, అక్క ఎత్తు.
పక్కన తేదీలు లేవు, ఊళ్ళే:
టొలీడో, డులూత్, ఒమాహా, మళ్ళీ టొలీడో.
అమ్మకి తేదీలతో పనిలేదు, ఏ ఊళ్ళో డబ్బిచ్చారో అదే గుర్తు.

పోయిన మార్చిలో, చేతికర్ర పక్కన పెట్టి,
చెప్పులు విడిచి
ఆ మూతకి వీపానించి నిలబడింది.
"గియ్యి" అంది.
గీశాను.
వెనక్కి తిరిగి, కళ్ళద్దాలు సర్దుకుని, కింది నుంచి పైకి చదివి
పడీపడీ నవ్వింది:
"చూశావా, ఒమాహా దాకా వచ్చేశాను!"

హోల్మ్‌గ్రెన్,
ఊరిపేరైతే అక్షరానికి ఎంత?